వెలుతురు తిన్న అంకె

లోపలూరు మందుల పరీక్షశాల. కొలతల పుస్తకం. దీపాలు తిరిగి వెలిగిన ఇరవై మూడో ఏడు. రాస్తున్నది కుంజా వినోదిని.

రోజు 112

ఈ పుస్తకంలో అంకెలు తప్ప ఇంకేమీ రాయకూడదని నియమం. ఈ రోజు నుంచి నేను మాటలు కూడా రాస్తాను. ఎవరికైనా అభ్యంతరం ఉంటే నా దగ్గరికి వచ్చి చెప్పవచ్చు.

ఉదయం షిఫ్టులో వైద్యశాల నుంచి ఒక సీసా వచ్చింది. శ్వాసిని, బ్యాచ్ 88. బొగ్గు ధూళి పీల్చి ఊపిరితిత్తుల్లో నీరు చేరినవాళ్ళకు బొట్టుబొట్టుగా నరంలోకి ఎక్కించే మందు ఇది. మూడో సొరంగంలో గోడలు చెక్కే ఇస్తారికి నిన్న రాత్రి ఈ సీసా ఎక్కిస్తుండగా చెయ్యి వాచింది. కాసేపటికి ఊపిరి ఆగిపోయింది. ముప్పై ఆరేళ్ళ మనిషి. ఈ నెలలో ఇలా జరగడం మూడోసారి. ముందటి ఇద్దరూ చేతి వాపుతో బతికి బయటపడ్డారు.

సీసాను దీపానికి ఎదురుగా పట్టుకుని తిప్పి చూశాను. తేటనీళ్ళలా ఉంది. మడ్డి లేదు, నలక లేదు. "దోషం లేదు" అని రాసి సంతకం పెట్టాను.

రెండో షిఫ్టు మొదలవుతుండగా నర్సు షాహీన్ వచ్చింది. ఇస్తారికి సూది పెట్టింది ఆమే. పన్నెండేళ్ళుగా ఆ వార్డు చూస్తున్న మనిషి.

"అక్కా, మందుల దోషం లేదని రాసినవంట."

"లేదు మరి. నా కండ్లతోని చూసిన."

"నా కండ్లతోని నేను గూడ చూసిన. పైపుల తెల్లగ పలుకులు. ఉప్పు రవ్వ లెక్క. నేను పైపు బంద్ చేసేటాళ్ళకే ఆయన చెయ్యి ఉబ్బింది."

"సీసా నా దగ్గరికి వచ్చినప్పుడు ఏం లేదు షాహీన్."

"నీ దగ్గరికి వచ్చినప్పుడు లేదు. నా చేతుల ఉన్నప్పుడు ఉన్నది. నేను అబద్ధమాడుతున్ననా?"

నేను జవాబు చెప్పలేదు. చెప్పకపోవడం కూడా ఒక జవాబే అని ఆమె ముఖం చూస్తే తెలిసింది. ఆమె వెళ్ళిపోయింది.

మందు మరీ వేగంగా ఎక్కించిందని ఆమె మీద విచారణ వేశారు. పది రోజుల గడువు. నేరం ఆమెదని తేలితే నర్సు పని పోతుంది, పైకి పంపుతారు. పైన అంటే భూమి మీద, ఎండలో, యాభై నాలుగు డిగ్రీల వేడిలో, నీళ్ళ గొట్టాలు మరమ్మతు చేసే ముఠాలోకి. ఆ ముఠాలో రెండేళ్ళు దాటి బతికినవాళ్ళు తక్కువ.

ఆమెను పైకి పంపబోయే కాగితాల్లో మొదటిది నా సంతకం ఉన్నది.

రోజు 113

నిద్ర పట్టలేదు. మందులు తయారుచేసే చోటికి వెళ్ళి, ఈ మధ్య ఏమైనా మార్చారా అని అడిగాను. ఒకటే మార్పు. ఇదివరకు శ్వాసినిని గాజు తొట్లలో కలిపేవాళ్ళు. అవి పగిలిపోతుంటే నాలుగు నెలల కిందట మూతలున్న, మూరకు లోపు స్టీలు తొట్లు పెట్టారు. మందు అదే, పాళ్ళు అవే, నీళ్ళూ అవే.

తిరిగి వచ్చి మందుల గ్రంథం తెరిచాను. శ్వాసిని పేజీలో ఒక అంకె ఉంటుంది. పీకేఏ: 5.3.

ఆ అంకెతో పని ఏమిటో తెలియనివాళ్ళ కోసం రాస్తున్నాను. శ్వాసిని బలహీనమైన ఆమ్లం. తన దగ్గరున్న హైడ్రోజన్‌ను వదిలేస్తే దానికి చార్జి వస్తుంది, నీళ్ళలో హాయిగా కరుగుతుంది. వదలకపోతే చార్జి ఉండదు, కరగకుండా పలుకుగా బయటపడుతుంది. ఏ పీహెచ్ దగ్గర సగం వదిలి సగం ఉంచుకుంటుందో, ఆ పీహెచ్‌నే పీకేఏ అంటాం. అది 5.3 అయితే, 7.4 పీహెచ్ ఉన్న నీళ్ళలో నూటికి తొంభై తొమ్మిది పాళ్ళు కరిగిపోవాలి. సీసాలు 7.4 దగ్గర కలుపుతున్నది అందుకే. ఈ అంకె నిజమైతే పలుకులు రావడానికి వీల్లేదు. షాహీన్ చూసినది నిజమైతే ఈ అంకె నిజం కావడానికి వీల్లేదు.

అంకె కింద, కొలిచినవారి పేరు ఉంది. నాదే. తొమ్మిదేళ్ళ కిందట బీకరులో మందు పోసి, క్షారం చుక్కలు చుక్కలుగా వేస్తూ నేను తీసిన అంకె అది. అప్పుడు దాన్ని పేజీలోకి ఎక్కించినందుకు అందరి ముందూ నాకు శాలువా కప్పారు.

రోజు 115

ఎలక్ట్రోఫొరెసిస్ యంత్రం మీద శ్వాసినిని పెట్టాను. ఈ యంత్రం తొమ్మిదేళ్ళ కిందట మాకు లేదు. పైన కూలిపోయిన ఒక ప్రయోగశాల నుంచి మా వాళ్ళు ముక్కలుగా దించుకువస్తే, అతికించడానికి నాకు ఏడాది పట్టింది. వెంట్రుక అంత సన్నని గాజు గొట్టం, దాని రెండు కొనలూ ఒకే పీహెచ్ ఉన్న నీటి గిన్నెల్లో ఉంటాయి. ఇరవై వేల వోల్టులు ఇస్తే గొట్టంలో నీరు ఒక వైపుకు సాగుతుంది. చార్జి లేని పదార్థం ఆ నీటితోపాటే కొట్టుకువస్తుంది. శ్వాసినిలా చార్జి వచ్చినది దానికి ఎదురీదుతుంది, ఆలస్యంగా చేరుతుంది. ఎంత ఆలస్యమైందో చూసి ఎంత చార్జి ఉందో లెక్క కట్టవచ్చు. గిన్నెల్లో పీహెచ్ మారుస్తూ పోతే, ఏ పీహెచ్ దగ్గర ఆలస్యం సగానికి వస్తుందో అదే మనకు కావలసిన అంకె. గొట్టం చివర సూదిబెజ్జమంత కిటికీ, దానికి చిన్న దీపం. మందు దాన్ని దాటినప్పుడు కాగితం మీద ఒక కొండ పడుతుంది.

ఒక మందుకు ఒక కొండ పడాలి. నాకు రెండు పడ్డాయి. రెంటికీ నడుమ వంతెన కట్టినట్టు గీత నేలకు దిగకుండా సాగింది.

నాలుగుసార్లు చేశాను. ప్రతిసారీ మొదటి కొండ తగ్గుతోంది, రెండోది పెరుగుతోంది. మందు గొట్టంలో నడుస్తూనే మరో పదార్థంగా మారిపోతోంది. నడుస్తూ మారినవి దారి పొడవునా పరుచుకుపోయి వంతెనగా కనబడుతున్నాయి.

గొట్టంలో నీళ్ళు, మందు, కరెంటు ఉన్నాయి. ఇంకేముంది అని బల్ల ముందు కూర్చుని ఆలోచించాను. తల ఎత్తితే దీపం కళ్ళల్లో పడింది.

రోజు 116

దీపాల గురించి రాయాలి.

ఇరవై మూడేళ్ళ కిందట లోపలూరులో కరెంటు పోయింది. పదకొండు రోజులు. మనుషులు చేతులతో గోడలు తడుముకుంటూ నడిచారు. మెట్లు అనుకుని గోతుల్లో కాలు వేశారు. నీళ్ళ కోసం వెళ్ళి మునిగిపోయారు. రెండు వందల పన్నెండు మంది పోయారు. నాకు అప్పుడు పంతొమ్మిదేళ్ళు. ఒక నీళ్ళ గొట్టాన్ని పట్టుకుని, దాన్ని వదిలితే చచ్చిపోతానని నాలుగు రోజులు కూర్చున్నాను. ఇప్పటికీ కళ్ళు మూసుకుని స్నానం చేయలేను.

ఆ తర్వాత చట్టం వచ్చింది. దీపం ఆర్పరాదు. మూర కన్నా పెద్దదైన ఏ చోటూ లోపల దీపం లేకుండా ఉండరాదు. పెట్టెలకూ బీరువాలకూ కూడా దీపాలు. పడుకునేటప్పుడూ దీపాలే. బూజు పట్టకుండా, ఎముకలు మెత్తబడకుండా ఉండాలని వాటిలో ఎండలోని అతినీలలోహిత కిరణాలు కూడా పెట్టారు. ఆ చట్టం మీద ఈ ఊళ్ళో ఎవరూ నవ్వరు.

చట్టం చూసుకునేది దీపాల పెద్ద ఆగయ్య. ఆ పదకొండు రోజుల్లో భార్యనూ ఇద్దరు కూతుళ్ళనూ పోగొట్టుకున్న మనిషి. ఆయన దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను.

"ఆగన్నా, నా గదిల దీపాలు ఒక పూట బంద్ చెయ్యాలె."

ఆయన రాస్తున్నది ఆపలేదు. "ఎందుకు?"

"మన దీపాల వెలుతురుకు శ్వాసిని ఇరిగిపోతున్నదని అనుమానం. చీకట్ల కొలిస్తెనే అసలు అంకె తెలుస్తది."

"అంకె ఉన్నది గద. నువ్వే తీసినవ్."

"తప్పు తీసినట్టున్న."

అప్పుడు తలెత్తాడు. "తొమ్మిదేండ్ల సంది మస్తు మందికి ఎక్కించిన మందు. ఇప్పుడొచ్చి తప్పంటున్నవ్. ఒక నర్సును తప్పియ్యనీకె ఊరు ఊరంత చీకటి జెయ్యమంటవా?"

"ఊరు కాదు. ఒక గది."

"మొదలు ఒక గదే ఉంటది," అన్నాడు. గొంతు పెంచలేదు. "లేదమ్మా. పో."

రోజు 118

గది చీకటి చేయనక్కరలేదు. మందు ఒక్కటి చీకట్లో ఉంటే చాలు.

పాత గనిలో బొగ్గు మోసిన నల్ల రబ్బరు పట్టా పారేసి ఉంటే కోసి తెచ్చాను. యంత్రం చుట్టూ పెట్టె కట్టాను. తూచడం, కలపడం కూడా లోపలే జరగాలి కనుక ముందు వైపు రెండు రంధ్రాలు చేసి, రబ్బరు చేతి తొడుగులు భుజాల దాకా కుట్టాను. పెట్టె నాలుగు మూరల పొడవు. గొట్టం కిటికీ దగ్గరి సూదిబెజ్జమంత వెలుతురు తప్ప లోపల దీపం లేదు. చట్టం ప్రకారం నేరం, శిక్ష ముప్పై రోజులు పైన పని.

దాన్ని దాచలేదు. తలుపు తెరిచే ఉంచాను.

కుట్టు సగంలో ఉండగా షాహీన్ గుమ్మంలో నిలబడింది. ఎంతసేపటి నుంచి చూస్తోందో.

"ఏం చేస్తున్నవ్ అక్కా?"

"నువ్ చూసినవన్న పలుకులు నేను గూడ చూద్దామని."

ఆమె లోపలికి వచ్చి రెండో తొడుగు తీసుకుని కుట్టడం మొదలుపెట్టింది. కుడుతూనే అంది, "మొన్న నువ్ నోరు మెదపలె. ఇస్తారి సచ్చిన దానికంటె గదే నాకు ఎక్కువ మండింది. గట్ల మండుడు తప్పో ఒప్పో నాకు ఎర్కలేదు."

"మండాల్సిందే," అన్నాను.

మొదటిసారి చేతులు లోపలికి పెట్టినప్పుడు మోచేతుల దాకా వెళ్ళి ఆగిపోయాను. నా చేతులు నాకు కనబడటం లేదు. ఒళ్ళంతా చెమట పట్టింది. లాగేసుకున్నాను. రెండోసారీ అంతే. మూడోసారి షాహీన్ నా వీపు మీద అరచెయ్యి ఆనించి పెట్టింది. వేళ్ళతో గిన్నె అంచు వెతికి పట్టుకున్నాను. స్టీలు తొట్టి నుంచి మూసిన డబ్బాలో తెచ్చిన బ్యాచ్ 88ను గొట్టంలోకి ఎక్కించాను. కరెంటు ఇచ్చాను.

ఒకటే కొండ పడింది. ఎత్తుగా, నిటారుగా. వంతెన లేదు.

రోజు 120

పీహెచ్ 5 నుంచి 10 దాకా పదకొండు గిన్నెలు. ప్రతి గిన్నెకూ మూడు కొలతలు. ప్రతిదానిలో ఒక చుక్క అసిటోన్ కలిపాను. దానికి చార్జి ఉండదు, కేవలం నీటి వేగాన్ని చెబుతుంది. దాని తర్వాత శ్వాసిని ఎంత వెనకబడిందో రాసుకున్నాను.

5 దగ్గర శ్వాసిని అసిటోన్ పక్కనే వచ్చింది. 6 దగ్గరా అంతే, 7 దగ్గర కొంచెం వెనకబడింది. పాత అంకె నిజమైతే 7 దగ్గర అది ఎంతో వెనక ఉండాలి. 8 దగ్గరికి వచ్చాక కాని సగం వెనకబాటు దాటలేదు. 9.5 తర్వాత ఇక మారలేదు. గీత గీశాను.

7.9.

అంటే 7.4 దగ్గర నూటికి ఇరవై నాలుగు పాళ్ళే కరిగే రూపంలో ఉన్నాయి. మిగతాది పలుకు కావడానికి సిద్ధంగా ఉంది.

తర్వాత అదే మందును ఒక పూట దీపం కింద పెట్టి, విరిగిపోయిన ముక్కను విడిగా కొలిచాను. దాని అంకె 5.3.

తొమ్మిదేళ్ళ కిందట నేను కొలిచింది శ్వాసినిని కాదు. శ్వాసిని చచ్చిపోయాక మిగిలినదాన్ని. నా పాత పేజీ తీసి చూశాను. నీటి వేడి రాశాను, గాలి తడి రాశాను, తూకం నాలుగు అంకెల దాకా రాశాను. వెలుతురు గురించి ఒక్క మాట కూడా లేదు. అది ఎప్పుడూ ఉండేదే కనుక రాయాలని తోచలేదు.

ఇంకా ఉంది. గాజు తొట్లలో కలిపిన రోజుల్లో మందు తొట్టిలోనే విరిగిపోయేది. విరిగినది బాగా కరుగుతుంది, అందుకే ఎవరి చెయ్యీ వాచలేదు. కాని అది ఊపిరితిత్తుల్లో నీటిని తియ్యదు. ఆ ఏళ్ళలో మనుషులకు ఎక్కింది సగం కన్నా తక్కువ మందు. స్టీలు తొట్లు వచ్చాక మందు మొత్తం బతికి వస్తోంది, తొట్టి వెచ్చదనం పోయాక కరగలేక, దుప్పటి కింద వెలుతురు తగలని పైపులో పలుకు కడుతోంది. ఆ పలుకులున్న సీసా నా గదికి వచ్చేసరికి దీపం దాన్ని విరిచి కరిగించేస్తోంది.

షాహీన్ చూసింది నిజం. నేను చూసిందీ నిజమే. ఆ రెంటికీ నడుమ ఆరు గంటల వెలుతురు ఉంది.

రోజు 121

దీపాల కాపలావాళ్ళు ఇద్దరు వచ్చి నోటీసు ఇచ్చారు. చీకటి పెట్టె సాయంత్రంలోగా విప్పాలి.

"ఇప్పను," అన్నాను.

"ఆగయ్య సారుకు ఏం చెప్పమంటవ్?"

"ఇప్పనన్నదని చెప్పు. విచారణల నేనే జవాబు చెప్తనని గూడ చెప్పు."

నోటీసును జిగురుతో పెట్టెకే అంటించాను.

రోజు 122

విచారణ. గని హాలులో వంద మంది దాకా ఉన్నారు. మధ్యలో ఆగయ్య, ఆయన పక్కన ఇద్దరు వైద్యులు. ఇస్తారి తల్లి ముందు వరుసలో కూర్చుని షాహీన్‌నే చూస్తోంది.

గీత చూపించాను. అంకె చెప్పాను. ఆగయ్య కాగితాన్ని తిప్పి చూసి అడిగాడు.

"5.3 నీ అంకె. 7.9 గూడ నీ అంకే. దేన్ని నమ్మాలె మేము?"

"నన్ను నమ్మొద్దు. మీరే చూడున్రి."

స్టీలు తొట్టి నుంచి మూతపెట్టి వెచ్చగానే తెచ్చిన మందును అందరి ముందూ రెండు గాజు గొట్టాల్లో పోశాను. ఒకదానికి వెంటనే నల్ల రబ్బరు చుట్టాను. రెండోదాన్ని దీపం కింద వదిలేశాను. నలభై నిమిషాలు ఆగమన్నాను. ఎవరూ లేవలేదు. హాలులో దగ్గులు తప్ప మరే చప్పుడూ లేదు. మా ఊళ్ళో దగ్గులు ఎప్పుడూ ఉంటాయి.

నలభై నిమిషాలకు రబ్బరు విప్పాను. దీపం కింద ఉన్న గొట్టం తేటగా ఉంది. రబ్బరు లోపలున్న గొట్టం అడుగున వేలెడు మందాన తెల్లటి పలుకులు.

షాహీన్ లేచింది. నా చేతిలోంచి ఆ గొట్టం తీసుకుని, మొదట ఇస్తారి తల్లి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"అమ్మా, గివే నేను చూసినయి. నేను తొందరపడలె. పైపు బంద్ చేసిన. నాకంటె ముందు గివి నరంలకు పోయినయి."

ముసలామె గొట్టాన్ని పట్టుకుని చూసింది. తర్వాత షాహీన్ తల మీద చెయ్యి పెట్టింది. షాహీన్ ఏడ్చింది. ఇన్ని రోజుల్లో మొదటిసారి.

రెండు గంటల తర్వాత, హాలు ఖాళీ అవుతుండగా, దీపం కింద ఆ పలుకులు కూడా కరిగిపోయాయి. అది చూడటానికి చివరిదాకా ఉన్నది వైద్యులిద్దరూ ఆగయ్యా.

షాహీన్ మీద కేసు కొట్టేశారు. ఆమె వెళ్ళాక ఆగయ్య నన్ను ఆపాడు.

"రెండు మాటలు. నీ యంత్రంల ఒక చిన్న దీపం ఉన్నది గద, కిటికీ కాడ. పెట్టెల దీపం ఉన్నదని రాయి. చట్టం తప్పినట్టు కాదు, నీకు శిక్ష పడదు. రెండోది, గ్రంథంల అంకె మార్చు. అచ్చు తప్పని రాయి. పాత ముచ్చట తవ్వకు. ఆ మందు ఎక్కించుకొని సచ్చినోళ్ళ ఇండ్లల్ల మల్ల ఏడుపు పెట్టకు."

ఆయన నన్ను కాపాడుతున్నాననుకున్నాడు. అది నాకు తెలుసు.

"దీపం ఉన్నదని నేను రాస్తే, నా తర్వాత కొలిచెటోళ్ళు దీపం పెట్టి కొలుస్తరు," అన్నాను. "మల్ల 5.3 వస్తది. మల్ల శాలువా కప్పుతరు. రాయను అన్నా. రెండోది గూడ రాయను. అచ్చు తప్పు కాదు. నా తప్పు."

"నువ్వు ఏం అంటున్నవో తెలుసా? పెట్టె ఇప్పిస్త. నీ పని పోతది."

"పోనీ."

రోజు 124

నీళ్ళ పంపుల దగ్గర, ఊరందరూ బిందెలు పట్టుకుని నిలబడే చోట, గోడ మీద కాగితం అంటించాను. నా చేతిరాతతో, నా పేరుతో. ఇదివరకటి అంకె తప్పు, కొలిచింది నేను. స్టీలు తొట్లు వచ్చేదాకా శ్వాసిని సగం కన్నా తక్కువ బలంతో ఇచ్చారు. ఆ కాలంలో నూట నలభై మందికి ఎక్కించారు. వాళ్ళలో అరవై ఒక్క మంది చనిపోయారు. పూర్తి మందు అందితే ఎంతమంది బతికేవారో నాకు తెలియదు. కొందరు బతికేవారు. అడగాలనుకున్నవాళ్ళు పరీక్షశాలకు రండి.

సాయంత్రానికి మొదటి మనిషి వచ్చింది. ఓదెమ్మ. పుట్టగొడుగుల తోటలో పనిచేస్తుంది. అయిదేళ్ళ కిందట భర్త పోయాడు. నిలబడే మాట్లాడింది.

"కాగితం చదివిచ్చుకున్న. మా ఆయన పేరు బక్కయ్య. తొమ్మిది సీసాలు ఎక్కించిన్రు. ప్రతి సీసాకు రేపు లేస్తనని అన్నడు. నిజం చెప్పు, బతికెటోడా?"

"తెల్వదు ఓదెమ్మా. బతికెటోడేమో. బతకడని మాత్రం చెప్పలేను."

ఆమె నన్ను చాలాసేపు చూసింది. కొడుతుందనుకున్నాను. కొట్టినా కదలకూడదనుకున్నాను.

"నువ్ చెప్పకుంటే నాకు ఎన్నటికి తెల్వకపోతుండె."

"తెల్వకపోతుండె."

"మరెందుకు చెప్పినవ్?"

"మల్లొకరికి సచ్చిన మందు ఎక్కించి, రోగమే సంపిందని చెప్పొద్దని."

ఓదెమ్మ స్టూలు లాక్కుని కూర్చుంది. కొంగుతో ముఖం కప్పుకుంది. భుజాలు కదులుతున్నాయి కాని శబ్దం రాలేదు. నేను మంచినీళ్ళు తెచ్చి పక్కన పెట్టాను. ఆమె తాగలేదు. వెళ్ళేటప్పుడు పెట్టె చూపించి, దీన్ని ఎప్పుడు విప్పుతారని మాత్రం అడిగింది. ఎల్లుండి మొదటి షిఫ్టుకని చెప్పాను.

రోజు 126

మొదటి షిఫ్టు మోగగానే ఆగయ్య వచ్చాడు. వెనక కాపలావాళ్ళు, చేతుల్లో కత్తులూ స్క్రూడ్రైవర్లూ. కాని వాళ్ళు లోపలికి రావడానికి దారి లేదు. పరీక్షశాల గుమ్మం నుంచి పెట్టె దాకా మనుషులు నిలబడి ఉన్నారు. ముందు ఓదెమ్మ. ఇస్తారి తల్లి. షాహీన్, ఆమెతో వార్డులోని నర్సులందరూ. నేను పిలిచినవాళ్ళు ఒక్కరూ లేరు. నా మీద కోపం ఉన్నవాళ్ళూ అందులో ఉన్నారు. ఒకామె నిన్న నా ముఖం మీద ఉమ్మింది, ఆమె కూడా నిలబడింది.

"జరగున్రి," అన్నాడు ఆగయ్య.

ఓదెమ్మ జరగలేదు. "జరగం సారు."

"చీకట్ల రెండు వందల పన్నెండు మంది సచ్చిన్రు. నీకు యాదికి లేదా?"

"ఉన్నది. మా అక్క అందుల ఉన్నది. మా ఆయన వెలుగుల సచ్చిండు సారు. ఆయన గూడ మీ లెక్కల ఉండాలె."

ఆగయ్య ఆమెను కాదు, ఆమె భుజం మీదుగా పెట్టెను చూస్తున్నాడు. తర్వాత కాపలావాళ్ళను అక్కడే ఉండమని చెప్పి ఒక్కడే ముందుకు వచ్చాడు. జనం దారి ఇచ్చారు. ఆయన పెట్టె ముందు ఆగి నన్ను అడిగాడు.

"చేతులు యాడ పెడ్తవ్?"

చూపించాను. ఆయన చొక్కా చేతులు మడిచాడు. ఎడమ చెయ్యి పెట్టాడు, తర్వాత కుడిచెయ్యి. మోచేతులు దాటేసరికి ఆయన నుదుటి మీద నరం ఉబ్బింది. నాకు ఎలా ఉంటుందో తెలుసు కనుక ఆయన వీపు మీద చెయ్యి పెట్టబోయాను. వద్దన్నట్టు తల ఊపాడు. కళ్ళు తెరిచే, తనకు కనబడని చేతుల వైపు చూస్తూ, వంద లెక్కపెట్టేంత సేపు అలాగే నిలబడ్డాడు.

చేతులు బయటికి తీసి, వాటిని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"ఇది ఉండనియ్యున్రి," అన్నాడు కాపలావాళ్ళతో. నాతో అన్నాడు, "చట్టం తప్పినవ్. అది ఒప్పు కాదు. ముప్పై రోజులు పైకి పోవాలె. చట్టంల ఉన్న శిక్షే, తగ్గియ్యను."

"పోత. కొత్త సీసా కొలతలు అయినంక."

"నీ పుస్తకంల ఏం రాస్తవ్, దీపం గురించి?"

"లేదని రాస్త."

"రాస్కో," అని వెళ్ళిపోయాడు.

రోజు 131

కొత్త సీసా నాలుగు రోజుల కిందటే సిద్ధమైంది. పీహెచ్ 9.2. ఈ పీహెచ్ దగ్గర నూటికి తొంభై అయిదు పాళ్ళు కరిగి ఉంటుంది. మోతాదు మార్చలేదు, ఎందుకంటే ఇప్పుడు మందు మొత్తం బతికే ఉంటుంది. ఇంత క్షారం చేతి నరానికి మంట కనుక, మెడ దగ్గరి పెద్ద నరంలోకి నెమ్మదిగా ఎక్కించాలని వైద్యులు రాశారు. సీసాకూ పైపుకూ నల్ల రబ్బరు తొడుగు. వార్డులో ఆ తొడుగులు చూసి రోగులు మొదట భయపడ్డారు. షాహీన్ ఒక్కొక్క మంచం దగ్గరా కూర్చుని తొడుగులో వాళ్ళ వేలు పెట్టించి, తీయించి, మళ్ళీ పెట్టించింది.

మొదట ఎక్కించినది అయిదో సొరంగంలో పనిచేసే ఎల్లుబాయికి. ఆమె ఏడాదిగా పడుకోలేక, కూర్చునే నిద్రపోతోంది. మూడు రోజుల తర్వాత, నిన్న, వెల్లకిలా పడుకుంది. షిఫ్టు మారినా లేవలేదు. భయపడి షాహీన్ వెళ్ళి చూస్తే గురక పెడుతోందట.

మందుల గ్రంథంలో శ్వాసిని పేజీ నేనే రాశాను. 5.3ని చెరపలేదు. దాని మీద ఒక గీత కొట్టి, పక్కన నా పేరూ తప్పు ఎలా జరిగిందీ రాసి, కింద 7.9 వేశాను. వెలుతురు అని కొత్త వరుస ఒకటి పెట్టాను. గ్రంథంలో ఇంకా నూట పదిహేడు మందులున్నాయి, ఏ ఒక్కదానికీ ఆ వరుస లేదు. ఎవరో ఒకరు వాటన్నిటినీ మళ్ళీ కొలవాలి. నేను పైన ఉన్న ముప్పై రోజులూ షాహీన్ కొలుస్తానంది. ఇవాళ ఆమె చేతులు పెట్టెలో ఉన్నాయి, నేను పక్కన నిలబడి రాస్తున్నాను. రెండో మందు మొదలైంది. ఏళ్ళుగా దీపం కింద నిలవ ఉన్న దీనికీ రెండు కొండలు పడ్డాయి.

రేపు ఉదయం నేను పైకి వెళ్తున్నాను.

ఈ రోజు కొలతలు: పన్నెండు. వెలుతురు: లేదు. అన్నీ చీకట్లో తీసినవి.

కుంజా వినోదిని